జోడు దూలం

ఇంటి గుట్టు విప్పి చెప్పడానికి
ఇంతని పుచ్చుకునేదాన్ని నేను.
డులూత్ ఊరంతా కొండవాలు.
ఏ ఇంటి నేలమాళిగలోకి దిగినా
గోడకు చెవి ఆనిస్తే చాలు,
కరిగిన మంచు కిందికి పోతూ ఏదో సణుగుతుంటుంది.

మామూలుగా నన్ను పిలిచేది కొనేవాళ్ళు.
అమ్మేవాళ్ళు నన్ను చూసి
పన్ను పీకే డాక్టర్ని చూసినట్టు నవ్వుతారు.
వెయ్‌కో మాత్రం తనే ఫోన్ చేశాడు.
"అమ్మకం బోర్డు పాతకముందే చెప్పు,
నా ఇంట్లో అబద్ధమెంతో."

ఏప్రిల్ రెండో మంగళవారం.
సరస్సు మీద ఇంకా
పగిలిన పింగాణీలా మంచుపలకలు.
డెబ్భై ఆరేళ్ళ మనిషి,
ఓడలకు ఇనుపరాయి ఎత్తే రేవులో ముప్ఫై ఒక్కేళ్ళు.
మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాడు,
ఫర్నేసు మాత్రం మార్చలేదు.

నా వెనకే తిరిగాడు.
నేను టార్చి నొక్కకముందే నేరం ఒప్పుకునేవాడు.
"ఆ స్విచ్చు వెనక అల్యూమినియం తీగ.
డెబ్భై తొమ్మిదిలో, పర్మిట్ లేకుండా, ఆదివారం పూట."
"కిటికీ కింద రంగు కొత్తగా ఉంది కదూ? దాని వెనక బూజు."
"ఆ పగులుకి పుట్టీ పెట్టాను, మూడుసార్లు.
మూడుసార్లూ అదే గెలిచింది."

రాసుకుంటూ పోయాను.
ప్లగ్గులో పరికరం గుచ్చితే ఎర్రదీపం వెలిగింది.
తూకంలో పట్టుబడ్డ కొట్టువాడిలా తల దించుకున్నాడు.
పైకప్పు: ఇంకో రెండు చలికాలాలు, భయం భయంగా.
నీళ్ళ హీటర్: వయసడగొద్దు.
నేలమాళిగ మూల ఆవిరిగది, దేవదారు బల్లలు,
ఒక్క తప్పూ లేదు.
అక్కడ మాత్రం అతను నాకు ముందు నడిచాడు.

తర్వాత, స్నానాలగది కింద,
సాలెగూళ్ళ మధ్య వెల్లకిలా పడుకుని చూశాను.
దూలం చీలి ఉంది,
పోత ఇనుప తొట్టి బరువుకి, ఏనాడో.
ఆ చీలిక పక్కనే, దాన్ని ఆనుకుని
ఇంకో దూలం. పొడుగుకి పొడుగు.
పదహారు అంగుళాలకో బోల్టు, వాషర్లతో సహా,
ఒక్కటీ వంకర పోలేదు.

"ఇది చాలా బాగా చేశారు," అన్నాను కిందనుంచి.
జవాబు లేదు.
"వెయ్‌కో?"
"అది నేను చెయ్యలేదు."

మోకాళ్ళు వంగవు కదా, ఫొటో తీసి చూపించాను.
కళ్ళజోడు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.
చెక్క మీద పెన్సిల్ కొలతలు,
ఏడు అంకెకి నడుము మీద చిన్న అడ్డగీత.
"హిల్మా ఏడు," అన్నాడు.
"ఎనభై ఎనిమిది, నవంబరు. సరస్సు గడ్డకట్టేలోపు
ఆఖరి సరుకు ఎత్తాలని ఓడలు తొందరపెట్టే రోజులు.
తొట్టి ఊగుతోందని చెప్పింది.
చూస్తానన్నాను."
ఆగాడు.
"తర్వాత ఊగడం మానేసింది.
అదే సర్దుకుందనుకున్నాను."

హిల్మా తొంభై నాలుగులో వెళ్ళిపోయింది.
థండర్ బేలో ఉంది, ఇంకొకతనితో, బాగానే ఉంది,
ఇది చావు కథ కాదు.
ఇన్నేళ్ళూ ఆ తొట్టిలో మెడదాకా మునిగి
ఇల్లంతా తనే మోస్తున్నాననుకున్నాడు మనిషి.

నా రిపోర్టు నలభై ఒక్క పేజీలు.
లోపం, తీవ్రత, ఖర్చు. మూడే గళ్ళు.
చెప్పకుండా చేసిన మరమ్మతుకి గడి లేదు.
"నేల దూలాలు: దృఢం" అని కొట్టి
కర్సర్ కన్ను ఆర్పడం కాసేపు చూస్తూ కూర్చున్నాను.

చెక్కు రాస్తూ అడిగాడు,
"కొనేవాళ్ళకి ఆ దూలం సంగతి చెప్పాలా?"
చెప్పాల్సినవి లోపాలే అన్నాను.
"అయితే లోపమనే రాయి," అన్నాడు,
"నా పేరు మీద."

రాయలేదు.
గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే
పైన తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు,
పట్టపగలు, పదకొండున్నరకి.